కర్మాగారం నుంచి కారు షెడ్డుకు

చేత్తో పట్టుకుని గోడకో చెక్కకో బెజ్జం వేసే విద్యుత్ డ్రిల్లింగ్ మెషిన్ పుట్టి నూట ముప్పై ఏళ్లు. అందులో మొదటి యాభై ఏళ్లూ అది పూర్తిగా కర్మాగారాల సరుకు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకే ఇళ్లలో అడుగుపెట్టింది. ఆ వెంటనే, సెలవు రోజున సొంత ఇంటికి సొంతంగా మరమ్మతులు, మార్పులు చేసుకోవడం మొదట అమెరికాలో, ఆపై బ్రిటన్‌లో, ఐరోపాలో కోట్లమందికి వ్యాపకమైంది. ‘డూ ఇట్ యువర్‌సెల్ఫ్’, పొట్టిగా డీఐవై అని పేరుపడ్డ ఈ సరదాకు యంత్రం ఒక్కటే కారణం కాదు. చవకైన చిన్న మోటారు, సొంత ఇల్లు, ఖరీదైన కూలి మూడూ ఒకచోట కలిసినప్పుడే అది వేళ్లూనుకుంది.

గనుల్లో పుట్టిన యంత్రం

బరమాకు తాడు చుట్టి, ఆ తాడు కట్టిన కర్రను ముందుకూ వెనక్కూ లాగుతూ చెక్కను తొలిచే పద్ధతి వేల ఏళ్ల నాటిది. విద్యుత్తుతో ఆ పని చేయించే యంత్రానికి 1889 ఆగస్టు 20న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ పేటెంట్ తీసుకున్నారు. రాతిని, బొగ్గును తొలవడం దాని పని. చేత్తో ఎత్తి వాడుకునేది కాదు. ఆరేళ్లకు, 1895లో, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో విల్‌హెల్మ్ ఎమిల్ ఫైన్ స్థాపించిన సంస్థ చేత్తో మోయగల తొలి విద్యుత్ డ్రిల్లును తయారుచేసింది. బరువు దాదాపు ఏడున్నర కిలోలు. రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా మోపి నొక్కితే గానీ పని జరిగేది కాదు.

నేటి రూపం అమెరికాలో వచ్చింది. డంకన్ బ్లాక్, అలోంజో డెకర్ అనే ఇద్దరు యువకులు 1910లో బాల్టిమోర్ నగరంలో చిన్న యంత్రశాల తెరిచారు. పాల సీసాలకు మూతలు చేసే యంత్రం, మిఠాయిలను పాకంలో ముంచే యంత్రం వంటివి ఇతరుల కోసం తయారుచేసేవారు. సొంత సరుకు కోసం వెతుకుతూ డ్రిల్లు మీద దృష్టి పెట్టారు. కోల్ట్ పిస్తోలును నమూనాగా తీసుకుని, పిడిని తుపాకీ పిడిలా మలిచి, స్విచ్చిని ట్రిగ్గర్‌లా చూపుడువేలి కింద అమర్చారు. 1914లో దరఖాస్తు చేసిన పేటెంట్ 1917లో చేతికొచ్చింది. ఒక చేత్తో పట్టుకుని, వేలు నొక్కితే తిరిగి, వదిలితే ఆగే ఆ ఏర్పాటు వందేళ్లు దాటినా మారలేదు.

లోపల ఉన్నది యూనివర్సల్ మోటారు. ఏసీ విద్యుత్తుతోనూ డీసీతోనూ నడుస్తుంది. ఇళ్లకు ఒకచోట ఏసీ, మరొకచోట డీసీ వచ్చే ఆ రోజుల్లో ఇది పెద్ద సౌకర్యం. చిన్న పరిమాణంలోనే నిమిషానికి వేల చుట్లు తిరగడం దీని మరో గుణం. పళ్లచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి, బిట్‌ను తిప్పే బలాన్ని పెంచుతాయి. గాలిరంధ్రాల్లోంచి కనిపించే నిప్పురవ్వలు కార్బన్ బ్రష్‌లు తిరిగే భాగాన్ని రాసుకోవడం వల్ల వచ్చేవి.

తక్కిన పనిముట్లూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1920లలో ఎడ్మండ్ మిషెల్ చేత్తో పట్టుకునే గుండ్రటి విద్యుత్ రంపాన్ని రూపొందించాడు. లూసియానా చెరకు తోటల్లో కత్తులతో గడలు నరికే కూలీల కష్టం చూసి మొదలుపెట్టిన ప్రయోగం చివరికి కలప పనికి అక్కరకొచ్చింది. రేమండ్ డివాల్ట్ 1922లో, కమ్మీకి వేలాడుతూ ముందుకు జరిగే రంపం తయారుచేశాడు. స్విట్జర్లాండ్‌లోని సింటిల్లా సంస్థ ఇంజనీరు ఆల్బర్ట్ కౌఫ్‌మన్, 1940లలో, భార్య కుట్టుమిషన్‌లో సూది తీసి ఆ స్థానంలో రంపపు బ్లేడు బిగించి చూశాడు. వంపులు కోసే జిగ్‌సా అలా పుట్టింది.

యుద్ధం తెచ్చిన మార్పు

ఇంటి పని సొంతంగా చేసుకోవాలన్న ఉత్సాహం యుద్ధానికి ముందూ ఉంది. 1930ల మాంద్యంలో పనిలేని గంటలు పెరిగినప్పుడు అమెరికాలో చాలామంది నేలమాళిగల్లో చిన్న కార్ఖానాలు పెట్టుకున్నారు. ‘పాపులర్ సైన్స్’ పత్రిక 1933లో ఇలాంటి వారి కోసం జాతీయ సంఘాన్నే ఏర్పాటుచేసింది. అయినా అప్పటి విద్యుత్ పనిముట్లు బల్లకు బిగించేవి, లేదా మామూలు జీతగాళ్లకు అందని ధరవి.

రెండో ప్రపంచ యుద్ధం లక్షలమందికి ఈ పనిముట్లను చేతికిచ్చింది. విమానాలు, ఓడలు తయారయ్యే కర్మాగారాల్లో అంతకుముందు డ్రిల్లు ముట్టుకోని మగవాళ్లు, ఆడవాళ్లు రోజంతా వాటితో పనిచేశారు. కార్మికులు డ్రిల్లులను ఇంటికి పట్టుకుపోతున్నారన్న కబురు బ్లాక్ అండ్ డెకర్ వరకూ వచ్చింది. స్థాపకుడి కుమారుడు అలోంజో డెకర్ జూనియర్ దాన్ని దొంగతనంగా కాక గిరాకీగా చూశాడు. 1946లో ఆ సంస్థ పావు అంగుళం బిట్ పట్టే గృహోపయోగ డ్రిల్లును 16.95 డాలర్లకు విడుదల చేసింది.

అదే సమయంలో ఇళ్లూ వచ్చాయి. 1944 నాటి జీఐ బిల్లు యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గృహరుణాలకు ప్రభుత్వ హామీ ఇచ్చింది. న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ సంస్థ 1947 నుంచి 1951 వరకు 17,000కు పైగా ఇళ్లు కట్టింది. ఒక్కొక్కటి సుమారు 750 చదరపు అడుగులు. ధర తగ్గించడానికి అటకను పూర్తిచేయకుండా వదిలేశారు. పిల్లలు పుట్టేకొద్దీ దాన్ని గదిగా మార్చుకోవడం యజమాని వంతు. అమెరికాలో సొంత ఇంట్లో ఉండే కుటుంబాలు 1940లో నూటికి 44 అయితే, 1960 నాటికి 62 అయ్యాయి.

ఆ ఇళ్ల నిర్మాణం కూడా కొత్తవారికి లొంగేదే. గోడ అంటే నిలువు చెక్కలు, వాటికి కొట్టిన జిప్సం పలకలు. రంపంతో కోయవచ్చు, స్క్రూతో బిగించవచ్చు, తప్పు జరిగితే పలక తీసి ఇంకోటి పెట్టవచ్చు. మరోవైపు వడ్రంగులు, ప్లంబర్ల కూలి పెరిగింది. వారాంతాన రెండు రోజుల సెలవు మామూలైంది. ఒక అల్మరా చేయించడానికి ఇచ్చే డబ్బుతో పనిముట్టే కొనుక్కుంటే, అల్మరాతోపాటు పనిముట్టూ ఇంట్లోనే ఉంటుందన్న లెక్క చాలామందికి నచ్చింది. 1954 ఆగస్టు 2 నాటి ‘టైమ్’ పత్రిక డీఐవైని ముఖచిత్ర కథనం చేసింది. అప్పటికే అది వందల కోట్ల డాలర్ల వ్యాపారం.

టీవీ, దుకాణం, మడత బల్ల

బ్రిటన్‌లో గిరాకీకి యుద్ధం మిగిల్చిన పాత ఇళ్లు, పనివాళ్ల కొరత కారణమయ్యాయి. 1955లో ‘ప్రాక్టికల్ హౌస్‌హోల్డర్’ పత్రిక మొదలైంది. బీబీసీలో బ్యారీ బక్‌నెల్ ఇంటి మరమ్మతులు చేసి చూపేవాడు. ప్రత్యక్ష ప్రసారంలో జిగురు అంటకపోయినా, పలక ఊడినా ప్రేక్షకులు ఇష్టపడ్డారు. 1962లో లండన్‌లోని ఈలింగ్‌లో ఒక పాడుబడ్డ ఇంటిని బీబీసీ కొని, వారం వారం దాన్ని బాగుచేయడాన్ని చూపించింది. నగిషీ తలుపులపై హార్డ్‌బోర్డ్ కొట్టి నున్నగా చేసే ఆయన సలహాను పాటించినవాళ్లు ఎందరో; తర్వాతి తరం ఆ పలకలు పీకి పాత తలుపులను మళ్లీ బయటికి తీసింది.

అప్పట్లో ఒక్క డ్రిల్లే ఇంటి యంత్రశాల మొత్తానికి మోటారు. దాని మూతికి రంపం, సానపట్టే చక్రం, కడిసె వంటి భాగాలు బిగించుకునేలా సంస్థలు అమ్మేవి. తర్వాత ధరలు తగ్గి, ఒక్కో పనికి ఒక్కో యంత్రం వచ్చింది. గోడకు బరువులు తగిలించడం కూడా తేలికైంది. బెజ్జంలో చెక్కముక్క దిగ్గొట్టి మేకు వేసే పద్ధతికి బదులు, బ్రిటన్‌లో జాన్ రాలింగ్స్ 1911లో ప్లగ్ కనిపెట్టాడు. జర్మనీలో ఆర్టర్ ఫిషర్ 1958లో నైలాన్ ప్లగ్ చేశాడు. స్క్రూ లోపలికి పోయేకొద్దీ అది వ్యాకోచించి గోడను గట్టిగా పట్టుకుంటుంది.

కోసేటప్పుడు చెక్కను కదలకుండా పట్టి ఉంచడం ఇంటి వడ్రంగికి అసలు చిక్కు. లోటస్ కార్ల రూపకర్త రాన్ హిక్‌మన్ 1961లో కుర్చీని ఆసరా చేసుకుని చెక్క కోస్తూ కుర్చీనే కోసేశాడు. ఆ తర్వాత బల్లే బిగింపుగా పనిచేసే మడత బల్లను తయారుచేశాడు. అనేక సంస్థలు కాదన్నాక బ్లాక్ అండ్ డెకర్ 1970ల మొదట్లో దాన్ని ‘వర్క్‌మేట్’ పేరుతో ఉత్పత్తి చేసింది. అది కోట్లలో అమ్ముడుపోయింది.

దుకాణమూ మారింది. కౌంటర్ వెనక ఉన్న మనిషిని అడిగి కొనే హార్డ్‌వేర్ షాపు స్థానంలో, ఎవరికి కావలసింది వారే తీసుకునే గోదాములు వచ్చాయి. బ్రిటన్‌లో బీ అండ్ క్యూ 1969లో సౌతాంప్టన్‌లో, అమెరికాలో హోమ్ డిపో 1979లో అట్లాంటాలో తొలి దుకాణాలు తెరిచాయి. పనివాళ్లు కొనే సరుకు అదే ధరకు ఇంటాయనకూ దొరికింది.

తీగ లేని పనిముట్లు

బ్యాటరీతో నడిచే తొలి డ్రిల్లును బ్లాక్ అండ్ డెకర్ 1961లో తెచ్చింది. అందులోది నికెల్-కాడ్మియం బ్యాటరీ. తీగలేని పనిముట్లు అంతరిక్ష పరిశోధన ఫలమన్న మాట ప్రచారంలో ఉన్నా, అసలు వరస దానికి తలకిందులు. పనిముట్టు ముందే ఉంది. నాసా దాన్ని వాడుకుంది. 1971-72లో అపోలో 15, 16, 17 యాత్రికులు బ్యాటరీ డ్రిల్లుతో చంద్రుడి నేలను మీటర్ల లోతుకు తొలిచి నమూనాలు తెచ్చారు.

ఇంట్లో మాత్రం బ్యాటరీ పనిముట్టు చాలాకాలం రెండో రకమే. బరువు ఎక్కువ, బలం తక్కువ, ఛార్జింగ్ త్వరగా అయిపోయేది. 2005 ప్రాంతంలో మిల్వాకీ, మకిటా వంటి సంస్థలు లిథియం-అయాన్ బ్యాటరీలు తెచ్చాక పరిస్థితి మారింది. బ్రష్‌లు లేని మోటార్లు రావడంతో రాపిడి తగ్గి, ఒక్క ఛార్జింగ్‌తో ఎక్కువ పని జరిగింది. వ్యాపార సూత్రమూ మారింది. ఒక సంస్థ బ్యాటరీ ఆ సంస్థ పనిముట్లలో చాలావాటికి సరిపోతుంది, ఇతరుల వాటికి సాధారణంగా సరిపోదు. అందుకే తొలి డ్రిల్లు ఏ సంస్థదైతే తర్వాతి కొనుగోళ్లూ ఎక్కువగా ఆ సంస్థవే అవుతాయి.

వేళ్ల ఖరీదు

ఈ సరదాలో ప్రమాదం తీసేయలేనిది. తొలి డ్రిల్లుల ఒళ్లు లోహంతో చేసినవి. లోపల తీగ తెగితే షాక్ తప్పేది కాదు. ప్లాస్టిక్ ఒళ్లు, డబుల్ ఇన్సులేషన్ ఆ భయాన్ని చాలావరకు తగ్గించాయి. బల్ల రంపం బెడద అలాగే ఉంది. అమెరికాలో దాని బ్లేడు తగిలి ఏటా దాదాపు 30,000 మంది గాయపడుతున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం అంచనా. భౌతికశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న న్యాయవాది స్టీఫెన్ గాస్ 1999లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. బ్లేడులో స్వల్ప విద్యుత్ సంకేతం ఉంటుంది. చర్మం తగిలితే ఆ సంకేతం మారుతుంది. సెకనులో వెయ్యింట అయిదు వంతుల సమయంలో అల్యూమినియం దిమ్మ బ్లేడులోకి దూసుకుపోయి దాన్ని ఆపేస్తుంది.

తెలుగు నేల మీద

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పనిముట్లు వేరే దారిన వ్యాపించాయి. సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి బజార్లలో డ్రిల్లులు, గ్రైండర్లు, మార్బుల్ కట్టర్లు కొనేది ప్రధానంగా వడ్రంగులు, టైల్స్ మేస్త్రీలు, వెల్డర్లు. చిత్రిక పట్టే చోట ప్లేనర్, ఉలి ఆడే చోట రౌటర్ వచ్చినా అవి పనివాడి సంచిలోనే చేరాయి తప్ప ఇంటాయన అల్మరాలో కాదు. కూలి అందుబాటులో ఉండటం ఒక కారణం. ఇటుక, కాంక్రీటు గోడ మరో కారణం. జిప్సం పలకలా అది మామూలు డ్రిల్లుకు లొంగదు, తిప్పుతూనే మోదే హ్యామర్ డ్రిల్లు కావాలి. పైగా గోడ లోపల దాగిన తీగలు, గొట్టాలు ఎటు పోతున్నాయో తెలియాలి.

కొన్నేళ్లుగా ఆ లెక్క కొంత మారింది. కర్టెన్ రాడ్డుకు నాలుగు బెజ్జాలు వేయడానికి నగరంలో మనిషి దొరకడం కష్టమైంది. వచ్చినా చిన్న పనికి పూర్తి రాకపోకల ఖర్చు ఇవ్వాలి. బిట్లు, ప్లగ్గులతో సహా పెట్టెలో వచ్చే హ్యామర్ డ్రిల్లులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. చవకైన మోటారు, సొంత ఫ్లాటు ముందే ఉన్నాయి. మూడోదైన కూలి ఖర్చు పెరిగినచోట, యుద్ధానంతర అమెరికాలో జరిగినట్టే ఇక్కడా డ్రిల్లు ఇంటి సామానులో చేరుతోంది. ప్రస్తుతానికి అది షెల్ఫులు, ఫొటోలు తగిలించడం వరకే. తలుపులు, అల్మరాలు ఇంకా వడ్రంగి పనే.