రెండో సంపుటంలో మనం

పోయిన వేసవిలో మా ఆపా ఇంట్లో ఒక పంచాయితీ జరిగింది. పంచాయితీ అంటే మరీ పెద్దదేం కాదు. ఆపా, దూల్హాభాయ్, వాళ్లమ్మాయి, మధ్యలో నేను. అమ్మాయి ఇంటర్ పాసయింది. మార్కులు బాగానే వచ్చాయి. ఇంజనీరింగ్ వద్దు, ఫార్మసీ వద్దు, డిగ్రీలో కళాచరిత్ర చదువుతాను, బరోడా పంపండి అని కూర్చుంది.

"బొమ్మల చరిత్ర చదివితే నౌకరీ ఎవరిస్తారు భాయ్?" అన్నారు దూల్హాభాయ్.

ఆపా బాధ వేరు. "తస్వీర్లు, బుత్‌లు... ఆ చదువు మనకెందుకు బేటా?" అంది.

అమ్మాయి నా వైపు తిరిగింది. "మామూ, పేపర్లో రాస్తారుగా, మీరైనా చెప్పండి" అంది.

ఆ పూట నేను సరిగ్గా చెప్పలేకపోయాను. రెండు ప్రశ్నలూ కొట్టిపారేయదగ్గవి కావు. ఒకటి బతుకు ప్రశ్న. రెండోది మనం ఎవరమనే ప్రశ్న. ఇంటికొచ్చాక తట్టిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంటి గొడవ మాకెందుకని మీరడగొచ్చు. ఇది ఒక్క మా ఇంటి గొడవ కాదు కనకనే రాస్తున్నాను.

మాది వరంగల్. కోట మాకు దగ్గరే. చిన్నప్పుడు ఆదివారమొస్తే అక్కడే ఆడుకునేవాళ్లం. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, వాటి మధ్య నేలంతా విరిగిన స్తంభాలు, శిల్పాలు. కాస్త దూరంలో ఖుష్ మహల్. మాకు అదీ ఇదీ ఒకటే. తోరణాల కింద ఆట, ఎండెక్కితే ఖుష్ మహల్ నీడ.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చేనాటికి నాకు పన్నెండేళ్లు. ఆ తర్వాత కొన్నాళ్లకు బడివాళ్లు మమ్మల్ని కోటకు తీసుకెళ్లారు. విరిగిన రాళ్ల దగ్గర నిలబడి నా బెంచీ దోస్తు అన్నాడు, "ఇది మీవాళ్లే కూలగొట్టారంటగా." వాడి గొంతులో కోపం లేదు. ఎవరో చెబితే విన్నాడు, నిజమేనా అని అడిగాడు, అంతే. నాకు జవాబు తెలియలేదు. ఆ ఒక్క మాటతో మా ఆటస్థలం రెండు ముక్కలైంది. తోరణాలు వాడివైపు పోయాయి. ఖుష్ మహల్ నా వైపు మిగిలింది.

తర్వాత బి.ఏ.లో చేరాను. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం. కళాచరిత్ర అని ఒక డిగ్రీ ఉంటుందని కూడా మాకు తెలియదు. మాకు తెలిసిన కళాచరిత్రల్లా ఒక్కో రాజవంశం పాఠం చివర అర పేజీ. 'వాస్తు, శిల్పం, చిత్రలేఖనం' అని శీర్షిక, దాని కింద నాలుగు కట్టడాల పేర్లు. ఒక్క బొమ్మ ఉండదు. కోట పక్కన పుట్టి పెరిగినవాళ్లం, కాకతీయ శిల్పాన్ని బట్టీ పట్టి పరీక్ష రాశాం. ఎవరూ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి చూడమనలేదు.

ఒకరోజు లైబ్రరీలో పెర్సీ బ్రౌన్ రాసిన 'ఇండియన్ ఆర్కిటెక్చర్' దొరికింది. రెండు సంపుటాలు. మొదటిది బౌద్ధ, హిందూ యుగాలు. రెండోది ఇస్లామిక్ యుగం. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టుకున్నాను. బడి దోస్తు గుర్తొచ్చాడు. వాడు మొదటి సంపుటం. నేను రెండో సంపుటం. కోటలో ఆ రోజు జరిగిన పంపకం పుస్తకాల్లో ఎప్పుడో జరిగిపోయిందన్నమాట.

ఆ పంపకం బ్రౌన్ మొదలుపెట్టింది కాదు. 1817లో అచ్చయిన తన భారతదేశ చరిత్రలో జేమ్స్ మిల్ హిందువుల కాలం, ముసల్మానుల కాలం, బ్రిటిషువాళ్ల కాలం అని మన గతాన్ని మూడు ముక్కలు చేశాడు. మొదటి రెంటికీ మతం పేరు పెట్టాడు. మూడోదానికి క్రైస్తవ కాలమని పెట్టలేదు. ఆయన ఈ దేశానికి ఎన్నడూ రాలేదు. 1876లో భారతీయ వాస్తు చరిత్ర రాసిన ఫెర్గూసన్ మాత్రం ఎన్నో చోట్లు తిరిగి కళ్లారా చూసినవాడే. అయినా ఆయన కూడా మతాన్ని, జాతిని కొలబద్దగా పెట్టుకుని కట్టడాలను వేరు చేశాడు. మన కట్టడాలకు 'ఇండియన్ సారసెనిక్' అని ఒక విడి గది కేటాయించాడు.

వర్గీకరణే తప్పని నేననను. వేల కట్టడాలున్న దేశంలో దేన్నో ఒక అరలో పెట్టక తప్పదు. కాని రాయికి మతం అంటగట్టాక రాయిని చూడటం మానేస్తాం. లేబిల్ చదివి ముందుకెళ్తాం. చూస్తే ఏం కనపడుతుంది? హంపీ మొదటి సంపుటంలోని సరుకు. అక్కడి లోటస్ మహల్‌కు ఉన్నవి కమానులు, ఏనుగుల శాల మీద ఉన్నవి గుమ్మటాలు. ఆ రాజులు 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే, సంస్కృతం వేషంలో. గోల్కొండ సమాధులు రెండో సంపుటంలోని సరుకు. అక్కడి గుమ్మటాల మొదట్లో చుట్టూ పరుచుకున్నవి తామర రేకులు.

సాహిత్యం దగ్గర మనకీ ఇబ్బంది లేదు. ఇబ్రహీం కుతుబ్ షాను మల్కిభరాముడని పిలుచుకున్నాం. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడని తెలుగు సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. అదే కుతుబ్ షాహీల కట్టడం దగ్గరకొచ్చేసరికి అది తెలుగు నేలమీది పని అన్న సంగతి మరిచిపోతాం.

ఇక మా కోట సంగతి. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును గెలిచాయి. తోరణాల మధ్య ఉన్న స్వయంభూ దేవాలయం ఆ దాడిలోనే కూలింది. నా దోస్తు అడిగిన దానికి ఇదీ జవాబు. దీన్ని దాచి కళాచరిత్ర చదవలేం. దాచాల్సిన అవసరమూ లేదు. ఢిల్లీ నుంచి వచ్చిన సేనకూ, ఆరువందల డెబ్బై ఏళ్ల తర్వాత ఆ రాళ్ల మధ్య ఆడుకున్న పన్నెండేళ్ల పిల్లవాడికీ 'మీవాళ్లు' అనే ముడి ఎవరు వేశారన్నదే అసలు ప్రశ్న.

కథ అక్కడితో ఆగలేదు కూడా. ఖుష్ మహల్ వాలు గోడలు చూసి అది తుగ్లక్‌ల నాటిదని కొందరంటారు. షితాబ్ ఖాన్ కట్టించాడని ఇంకో మాట ఉంది. ఎవరీ షితాబ్ ఖాన్? అసలు పేరు సీతాపతి. ఖాన్ అనేది బిరుదు. 1504 నాటి ఆయన శాసనం వరంగల్‌లోనే ఉంది. నా వైపు మిగిలిందనుకున్న మహల్ సీతాపతి పేరుమీద నడుస్తోంది! మరోపక్క, 1591లో చార్మినార్‌తో మొదలైన హైదరాబాదు సంగతి చూడండి. అక్కడి చార్‌కమాన్ నాలుగు కమానులలో ఓరుగల్లు నాలుగు తోరణాల పోలిక ఉందని ఫిలిప్ వాగనర్, రిచర్డ్ ఈటన్ లాంటి పరిశోధకులు వాదించారు. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు రాజముద్రలో కాకతీయ తోరణం పెట్టి దాని లోపల చార్మినార్‌ను నిలబెట్టారు. దాన్ని మార్చాలన్న మాట 2024లో వచ్చినప్పుడు రెంటికోసమూ జనం గొంతెత్తారు. సంపుటాలు విడదీసినవాటిని జనం ఒకే బొమ్మలో చూసుకున్నారు.

ఇప్పుడు మా ఆపా ప్రశ్న. మనకెందుకు ఈ చదువు?

ఆపాకు నేను ఒక్క పేరు చెబుతాను. గులాం యజ్దానీ. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని బాధ్యత ఆయనకిచ్చారు. అప్పుడు అజంతా నిజాం రాజ్యంలో ఉంది. బౌద్ధ గుహల్లోని ఆ వర్ణచిత్రాల మీద యజ్దానీ నాలుగు భాగాల గ్రంథం తెచ్చారు. మొదటి భాగం 1930లో, చివరిది 1955లో. పాతికేళ్ల పని. అంతకుముందే 1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకం రాశారు. పాలంపేట అంటే మన రామప్ప. 2021లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. ఆ గుడి గురించి వందేళ్ల కిందట కూర్చుని రాసింది ఒక ముసల్మాను అని ఎంతమందిమి తలుచుకున్నాం?

ఆయనొక్కరే కాదు. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ అజంతా చిత్రాలకు నకళ్లు రాయించినప్పుడు నందలాల్ బోస్‌తోపాటు హైదరాబాదు నుంచి వెళ్లిన సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ కూడా ఆ గుహల్లో పనిచేశారు. సయ్యద్ అహ్మద్ తర్వాత అజంతా బాగోగులు చూసే క్యూరేటర్ అయ్యారు. అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. 1920ల మొదట్లో ఇటలీ నిపుణులను పిలిపించి చిత్రాలకు మరమ్మతు చేయించారు. వాళ్లు పూసిన లక్క పూత కాలం గడిచేకొద్దీ పసుపెక్కి చిత్రాలను కప్పేసింది. ఆ తప్పు కూడా చదవాల్సిందే. బాగు చేయాలన్న ప్రేమ ఒక్కటే చాలదు, చదువు కావాలని అది చెబుతుంది.

తస్వీర్ హలాలా హరామా అని తీర్పు చెప్పడానికి నేను ఆలింను కాను. చూడటం వేరు, సజ్దా చేయడం వేరని మాత్రం నాకు తెలుసు. మన పెద్దలు బొమ్మలకు ఆమడ దూరంలో బతికారన్నది మాత్రం నిజం కాదు. 'పేమ్ నేమ్' అని బీజాపూరు కాలపు ప్రేమకథ ఒకటుంది. రాసింది హసన్ మంఝూ ఖల్జీ. రంగుల బొమ్మలున్న ఆ రాతప్రతి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అది రాసింది ఫార్సీలో కాదు, దక్కనీలో. మా నానీ వంటింట్లో మాట్లాడిన భాషకు తల్లివంటి భాష. హైదరాబాదులో బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లండి. గోడల నిండా రంగు పలకలతో పేర్చిన ఆలంలు కనపడతాయి. 1908 మూసీ వరదలో కొంత భాగం దెబ్బతింది. మిగిలినవి చాలు కళ్లు చెదరడానికి. అదే ఆలం తెలంగాణ పల్లెలో పీరు అవుతుంది. దాన్ని ఎత్తుకునేవాడు, దానికి కుడుకల దండ వేసేవాడు చాలా ఊళ్లలో ముసల్మాను కాడు. ఇది ఏ సంపుటంలోకి వస్తుంది? ఏ పుస్తకమూ చెప్పదు. ఎవరో ఒకరు కూర్చుని చదివి, రాయాలి.

అది ఎవరు రాయాలి? ఇక్కడే నా ఆశ. ఈ నేల కళాచరిత్ర చదవాలంటే కాకతీయుల తెలుగు శాసనం చదవగలగాలి, సమాధి మీది నస్తాలీఖ్ అక్షరమూ చదవగలగాలి. మన ఇళ్లలో పిల్లలు పొద్దున తెలుగు బడికి, సాయంత్రం ఉస్తాద్ దగ్గరికి పోయి ఈ రెండు లిపులూ నేర్చుకుంటున్నారు. దాన్ని మనం బరువనుకుంటున్నాం. నిజానికి అది చేతికొచ్చిన తాళంచెవుల గుత్తి.

దూల్హాభాయ్ ప్రశ్నకు తియ్యటి జవాబు నా దగ్గర లేదు. ఈ డిగ్రీ చేతికొచ్చిన మర్నాడే నౌకరీ దొరుకుతుందని చెబితే అబద్ధం. మ్యూజియంలో, పురావస్తు శాఖలో, కాలేజీలో నిలబడాలంటే ఆపైన ఎం.ఏ. కావాలి. ఓపిక కావాలి, అంతదాకా ఇంటివాళ్ల ఆసరా కావాలి. బీద ముసల్మాను ఇంటికి అది చిన్న మాట కాదు. ఈ చదువు ఇన్నాళ్లూ కలిగినవాళ్ల చదువుగా ఉండిపోయిందంటే కారణం అదే. కాని మనవాళ్లు అక్కడ లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. లేబిల్ వేరేవాళ్లు రాస్తారు. మనం చదువుకుంటాం.

బరోడా లలితకళల ఫ్యాకల్టీ 1950లో మొదలైంది. గులాం మొహమ్మద్ షేక్ అక్కడే కళాచరిత్ర బోధించారు. ఆయన చిత్రకారుడు, గుజరాతీ కవి కూడా. ముసల్మాను గుజరాతీలో రాయగా లేనిది, తెలుగులో కళ గురించి రాయలేడా?

ఆ చదువులో ఏం నేర్పుతారని అమ్మాయిని అడిగాను. "మొదట పేరు చూడకుండా బొమ్మను చూడమంటారంట మామూ. దేంతో చేశారు, ఎలా చేశారు, ఎవరు చేయించారు, ఎవరికోసం చేశారు, అవన్నీ అయ్యాక పేరు" అంది. మా కోట ముందు మాకు ఎవరూ చెప్పని పాఠం అదే.

మొన్న అందరం కలిసి కోటకు వెళ్లాం. ఆపా తోరణాల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు, మోకాళ్ల నొప్పి. ఖుష్ మహల్‌లోకి వచ్చి గట్టు మీద కూర్చుంది. లోపల పురావస్తు శాఖవాళ్లు కోటలో దొరికిన గుడి శిల్పాలను వరుసగా పెట్టారు. మొదటి సంపుటం రాళ్లు, రెండో సంపుటం కప్పు కింద. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ ఇలా తట్టలేదు.

అమ్మాయి ఒక శిల్పం ముందు కింద కూర్చుని నోటుబుక్కులో ఏదో గీసుకుంటోంది. ఆపా చాలాసేపు చూసింది. "దీని చేతిలో ఉన్నదేంటే?" అని అడిగింది కూతుర్ని.

ఫారం ఇంకా నింపలేదు. దూల్హాభాయ్ ఫీజు లెక్కలు అడుగుతున్నారు.