బ్యాంజో వెనక పేరు

పాత బ్యాంజో కొనడానికి వెళ్లిన అనుభవజ్ఞుడు తీగ మీటడు. ముందు దాన్ని బోర్లించి చూస్తాడు. కంజీరకు వీణ దండి తగిలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, బ్యాంజో ఇంచుమించు అదే. ఒకవైపు తోలు మూత, రెండోవైపు చాలా వాటికి ఖాళీ. ఆ ఖాళీలో దండి నుంచి అవతలి అంచు దాకా ఒక అడ్డకర్ర పోతుంది. తయారుచేసినవాడి పేరు, ఊరు, ఒక్కోసారి వరస సంఖ్య ముద్ర వేసేది ఎక్కువగా దాని మీదే.

ఆ ముద్రల వెంటపడి, బ్యాంజో తయారీదారుల జాబితాలు కూర్చేవాళ్లు అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఉన్నారు. ఒకప్పుడు నోటుపుస్తకాల్లో రాసుకునేవారు, ఇప్పుడు కంప్యూటర్లలో పెడుతున్నారు. ఒక్కో తయారీదారుకు ఒక్కో వరస: పేరు, ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ముద్ర ఎలా ఉంటుంది. నాలుగే గడులు. నాలుగు గంటల్లో అయిపోయే పనిలా కనిపిస్తుంది. దిగినవాళ్లకు నలభై ఏళ్లు కూడా చాలడం లేదు.

వాళ్లకు దొరికిన పెద్ద ఆధారం ఊరి చిరునామా పుస్తకాలు. టెలిఫోనుకు ముందే, పంతొమ్మిదో శతాబ్దంలో, అమెరికా నగరాల్లో ఏటా ఒక పుస్తకం అచ్చయ్యేది: ఇంటి పెద్ద పేరు, వృత్తి, వీధి. ఒక మనిషి పేరు పక్కన ‘బ్యాంజో తయారీ’ అని తొలిసారి కనిపించిన ఏడాదిని మొదలుగా, ఆ మాట మాయమైన ఏడాదిని చివరగా రాసుకుంటారు. ఈ కొలత గుడ్డిది. అద్దె గదిలో కూర్చుని ఏడాదికి పది వాద్యాలు చేసినవాడు పుస్తకంలోకి ఎక్కకపోవచ్చు. నల్లవారి పేర్లకు చాలా నగరాల్లో విడిగా గుర్తు పెట్టేవారు, కొన్నిచోట్ల చివరి పుటల్లోకి నెట్టేవారు.

ఈ జాబితాల్లో తొలి వరసల్లో కనిపించే పేరు విలియం బౌచర్. 1822లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టి, బాల్టిమోరు చేరిన డ్రమ్ముల పనివాడు. 1843లో న్యూయార్కులో ‘వర్జీనియా మినిస్ట్రెల్స్’ అనే బృందం రంగస్థలమెక్కింది. ముఖాలకు మసి పూసుకుని నల్లవారిని ఎగతాళి చేసే తెల్లవాళ్ల తమాషా అది. జనం విరగబడ్డారు, దాంతో బ్యాంజోకు గిరాకీ పుట్టింది. అప్పటిదాకా ఎక్కువగా సొరబుర్రకు తోలు చుట్టి మేకులు కొట్టేవారు. వాన పడితే మూత సాగిపోయేది. మన డప్పుకైతే మంటకు కాచి బిగువు తెప్పిస్తారు. బౌచర్‌కు డ్రమ్ముల విద్య తెలుసు కాబట్టి గుండ్రటి చెక్క చట్రం మీద తోలు పరిచి, పైన కట్టు వేసి, కొక్కేలూ మరలతో చుట్టూ బిగించాడు. గాలిలో తేమ పెరిగితే మర తిప్పితే చాలు. 1890లో తన బ్యాంజోలు మూడింటిని స్మిత్‌సోనియన్ మ్యూజియాల సంస్థకు ఇచ్చాడు. జాబితా రాసేవాడికి అంతకంటే అదృష్టం ఉండదు: చేసినవాడే తన చేత్తో ఇచ్చిన వస్తువు, పేరు మీద వివాదం లేదు.

వివాదం న్యూయార్కులో మొదలవుతుంది. డాబ్సన్ సోదరులు అయిదుగురు. వాయించడం, నేర్పడం, అమ్మడం అన్నీ వాళ్లే. అడ్డకర్ర మీద, దండి మీద డాబ్సన్ పేరు దర్జాగా ఉంటుంది. చేయి మాత్రం చాలాసార్లు జాన్ బక్‌బీ కార్ఖానాది. బక్‌బీ పెద్ద ఎత్తున చేసి, అడిగినవాళ్ల పేర్లు కొట్టి పంపేవాడు. తన గుర్తుగా జె. హెచ్. బి. అని మూడే అక్షరాలు, అదీ చిన్నగా, కొన్నిటి మీదే. మరి డాబ్సన్ గడిలో ‘తయారీదారు’ అని రాయాలా, ‘అమ్మకందారు’ అని రాయాలా? పేరు తీసేస్తే, వస్తువు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాడికి అది దొరకదు. పేరు ఉంచితే బక్‌బీ కార్ఖానాలో చెక్క చిత్రిక పట్టినవాళ్లు మరోసారి మాయమవుతారు. నాకైతే రెండు పేర్లూ రాసి, మధ్యన ఒక గీత పెట్టడమే మేలనిపిస్తుంది. కార్ఖానా మేస్త్రీల పేర్లు ఎలాగూ ఏ గీతకూ అందవు.

పేరు మనిషిని వదిలి తన దారిన తాను పోవడం బోస్టనులో చూడాలి. ఆల్బర్ట్ ఫెయిర్‌బ్యాంక్స్, విలియం కోల్ 1880లో భాగస్వాములయ్యారు, పదేళ్లకు విడిపోయారు. ఆ తర్వాత నాలుగేళ్లకే ఫెయిర్‌బ్యాంక్స్ వాద్యాల వ్యాపారం వదిలేసి సైకిలు చక్రాలకు చెక్క రిమ్ములు చేసే పనిలోకి దిగాడు. వలయంగా చెక్క వంచే నేర్పు రెండింటికీ ఒకటే కదా! ఆయన పేరు మాత్రం కంపెనీలోనే ఉండిపోయింది. బ్యాంజో ప్రియులు ఇప్పటికీ కళ్లకద్దుకునే ‘వైట్ లేడీ’ రకం వచ్చింది 1901లో, ఆయన ఆ గడప దాటిన చాలాకాలానికి. రంగు వేయని తెల్లటి మేపుల్ కర్ర వల్ల దానికి ఆ పేరు. 1904లో కార్ఖానా కాలిపోతే వ్యాపారాన్ని వేగా కంపెనీ కొంది. ఫెయిర్‌బ్యాంక్స్ ముద్ర అప్పుడూ చెరిగిపోలేదు, పక్కన వేగా పేరు చేరిందంతే.

ఆ వేగా పేరు కూడా కుదురుగా ఉండలేదు. 1970లో పెన్సిల్వేనియాలోని గిటార్ల సంస్థ మార్టిన్ చేతికొచ్చింది. తర్వాత కొరియా వెళ్లింది. 1989లో కాలిఫోర్నియాలోని డీరింగ్ కంపెనీ కొనుక్కుంది. జాబితాలో వేగా అన్న ఒక్క వరస వెనక రెండు ఖండాల కార్ఖానాలున్నాయి.

అన్నిటికన్నా తలనొప్పి గిబ్సన్‌ది. మిషిగన్‌లోని కాలమజూలో 1920లు, 30లలో ఈ కంపెనీ చేసినవాటిలో చాలావరకు నాలుగు తీగల బ్యాంజోలు, జాజ్ బృందాల కోసం. జాజ్‌లో గిటారు వచ్చి వీటిని పక్కకు తోసింది. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు బిల్ మన్రో అనే సంగీతకారుడి బృందంలో చేరి, మూడు వేళ్లతో అయిదు తీగలు మోగించేసరికి గాలి మళ్లీ తిరిగింది. అందరికీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి గిబ్సన్ కావాలి, అదీ అయిదు తీగలది. అవి ఉన్నవే బహు కొద్ది. అందుకని పాత నాలుగు తీగల దండి ఊడబీకి, కొత్తగా అయిదు తీగల దండి చేయించి తగిలించారు. చట్రమూ, దానిమీది లోహపు వలయమూ గిబ్సన్‌వి. దండి మరెవరో వడ్రంగిది. అతుకు ఎంత నున్నగా ఉంటుందంటే, తడిమినా తెలియదు. ఇలాంటి బ్యాంజో తయారీదారు గడిలో ఎవరి పేరు? సంతలో లక్షలు పలికేది ఈ ప్రశ్నకు వచ్చే జవాబుకే కాబట్టి, జాబితా నడిపేవాళ్లకు నిద్ర తక్కువ.

అన్నట్టు, బ్యాంజో కోసం వెతికే భారతీయుడికి ఇంకో తికమక ఉంది. ముంబయి గణేశ్ ఊరేగింపుల్లో ‘బెంజో పార్టీ’ వాయించేది ఈ వాద్యం కాదు. అది టైపు మిషను మీటల్లాంటివి ఉండే బుల్‌బుల్ తరంగ్. 1912లో జపానులోని నగోయాలో పుట్టిన తైషోగోతోకు దగ్గరి చుట్టం. తోలు లేదు, సొరబుర్ర అసలే లేదు. పేరు మాత్రం ఎలాగో అంటుకుంది.

ఇంతకీ సొరబుర్ర బ్యాంజో ఎవరు చేశారు? పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా కరేబియన్ దీవులకు తరలించిన జనం. సెనెగల్, గాంబియాల్లో జోలా ప్రజలు వాయించే అకోంటింగ్ ఇప్పటికీ దీని పోలికలోనే ఉంటుంది. హాన్స్ స్లోన్ అనే వైద్యుడు 1687 నుంచి 1689 దాకా జమైకాలో తిరిగి, అక్కడ చూసిన సొరబుర్ర వాద్యాల బొమ్మలను 1707లో తన పుస్తకంలో అచ్చువేశాడు. స్టెడ్‌మన్ అనే సైనికుడు 1770లలో సురినామ్ నుంచి తెచ్చిన ‘బానియా’ నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియంలో ఉంది. 1841లో షోల్షేర్ అనే ఫ్రెంచివాడు హైతీ నుంచి తెచ్చిన ‘బాంజా’ పారిస్‌లో ఉంది. తెచ్చినవాళ్ల పేర్లు చీటీల మీద భద్రంగా ఉన్నాయి.

దక్షిణ కరోలినాలో 1780ల ప్రాంతంలో గీసిన ‘ది ఓల్డ్ ప్లాంటేషన్’ అనే నీటిరంగుల చిత్రంలో ఒక నల్లజాతీయుడు సొరబుర్ర బ్యాంజో వాయిస్తుంటాడు. నాలుగు తీగలు, అందులో ఒకటి బొటనవేలి కోసం పొట్టిది. వర్జీనియాలోని అపమాటక్స్‌కు చెందిన జోయెల్ స్వీనీ అనే వాద్యకారుడు ఆ పొట్టి తీగను కనిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. స్వీనీ పుట్టింది 1810లో. ఆ చిత్రం గీసినవాడు ఎవరో రెండు వందల ఏళ్లు తెలియలేదు. చివరికి ఒక గ్రంథాలయ ఉద్యోగిని పాత కాగితాలు తిరగేసి, అతను జాన్ రోజ్ అనే తోట యజమాని అని తేల్చారు. ఆ చిత్రంలోని సొరబుర్రను ఎండబెట్టి కోసి తోలు అతికించినవాడి పేరు అలాంటి కాగితాల్లో ఉండదు. నాటి బానిసల పేర్లు అచ్చులో కనిపించేది ఎక్కువగా పత్రికా ప్రకటనల్లో: ఫలానావాడు పారిపోయాడు, ఒడ్డూ పొడుగూ ఇంత, బ్యాంజో బాగా వాయిస్తాడు, పట్టి ఇచ్చినవారికి ఇంత బహుమానం.

ఇప్పుడు ఆ చిత్రాన్ని దగ్గర పెట్టుకుని, దాని కొలతలతో సొరబుర్ర బ్యాంజోలు చేసే పనివాళ్లు అమెరికాలో ఉన్నారు. లోపల సంతకం చేస్తారు, ఏడాది వేస్తారు, వరస సంఖ్య వేస్తారు. జాబితాలో వాళ్ల వరసల్లో నాలుగు గడులూ నిండే ఉన్నాయి.