కొండ అదే, దేవుళ్ళు మారారు

హేతువాద సంఘంలో తిరిగేవాడు తీర్థయాత్రకి వెళ్ళొచ్చాడంటే మనవాళ్ళు ఊరుకుంటారా? "ఏమండీ, వయసు మీద పడేసరికి కొండల దారి పట్టారా?" అని ఒకరిద్దరు మిత్రులు ఇప్పటికీ ఆటపట్టిస్తూనే ఉన్నారు. వాళ్ళకి ఇవ్వాల్సిన జవాబు కాస్త పొడుగ్గా ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2018 అక్టోబరు మూడోవారం. మా అమ్మాయి అప్పుడు జపాన్‌లోని సెందాయ్‌లో చదువుకుంటోంది. చూడ్డానికి వెళ్తే, "నాన్నా, నీకు నచ్చే చోటొకటి ఉంది, నచ్చకపోతే తిట్టుకోడానికైనా పనికొస్తుంది" అని బస్సెక్కించింది. యమగాత రాష్ట్రంలో, జపాన్ సముద్రం వైపు, దేవా సన్‌జాన్ అని మూడు పవిత్ర పర్వతాలున్నాయి. దేవా అనేది ఆ ప్రాంతం పాతపేరు, సన్‌జాన్ అంటే మూడు కొండలు. హగురో 414 మీటర్లు, గస్సాన్ 1,984, యుదోనో 1,504. అక్టోబరుకల్లా గస్సాన్ శిఖరం మీద గుడి మూసేస్తారు కాబట్టి మా ఒక్కరోజు నడకలో రెండు కొండలే. మూడోది మబ్బుల్లో కాసేపు కనిపించి పోయింది.

మా గైడు అరవై దాటిన మనిషి. కొండ కింద తోగే అనే ఊళ్ళో యాత్రికుల సత్రం నడుపుతాడు. ముందురాత్రి మేం దిగింది అక్కడే. పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని, మెడలో శంఖం వేసుకుని తయారయ్యాడు. అవి శవానికి కట్టే తెలుపట. హగురో ఈ జన్మ, గస్సాన్ మరణం, యుదోనో పునర్జన్మ అని వీళ్ళ లెక్క. మనిషి బతికుండగానే చచ్చి, కొండల్లో తిరిగి, మళ్ళీ పుట్టి ఇంటికొస్తాడన్నమాట. ఈ సాధన పేరు షుగెన్‌దో, సాధకులని యమబుషి అంటారు. బయల్దేరే ముందు గైడు ఒక్కటే నియమం పెట్టాడు. ఆయనేం చెప్పినా మేం అనాల్సిన మాట "ఉకెతమో", అంటే "స్వీకరిస్తున్నాను" అని. ప్రశ్నలుండవు. నలభై ఏళ్ళుగా ప్రశ్నించమని ఊరూరా చెప్పుకు తిరిగినవాడికి పెట్టాల్సిన నియమమే!

హగురో మెట్లు 2,446. రెండుపక్కలా మూణ్ణాలుగు వందల ఏళ్ళ దేవదారు జాతి చెట్లు. ఎక్కడం కంటే ముందు దిగడం ఉంటుంది. దిగి, వాగు దాటితే చెట్ల మధ్యలో ఐదంతస్తుల చెక్క గోపురం. రంగుల్లేవు, బంగారం లేదు, వానకి నానిన బూడిదరంగు కొయ్య. ఇప్పుడున్నది సుమారు ఆరువందల ఏళ్ళ నాటిది, ఎత్తు 29 మీటర్లు. అంత అందమైన కట్టడాన్ని నేను తక్కువగా చూశాను.

గైడు దణ్ణం పెట్టుకున్నాక, లోపల ఎవరున్నారని అడిగాను. ఉకెతమో పక్కన పెట్టేశాను, ఆయనా ఏమనలేదు. "ఓకునినుషి" అన్నాడు. ఓకునినుషి షింటో దేవుడు. మరి ఈ గోపురమేమో బౌద్ధ నిర్మాణం. మన స్తూపమే చైనా, కొరియాల మీదుగా అంతస్తులు పెంచుకుంటూ ఇక్కడికొచ్చింది. స్తూపంలో షింటో దేవుడికేం పని?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది గైడు కాదు, ఆ రాత్రీ తరవాత ఇంటికొచ్చాకా నేను చదువుకున్న చరిత్ర. 1868 దాకా ఈ కొండల మీద బుద్ధుళ్ళూ స్థానిక దేవతలూ కలిసే ఉన్నారు. హగురోలో అవలోకితేశ్వరుడు, గస్సాన్‌లో అమితాభుడు, యుదోనోలో మహావైరోచనుడు. స్థానిక దేవతలు వీళ్ళ అవతారాలేనని పండితులు సర్దిచెప్పేవారు. యమబుషి ఒకే నోటితో సూత్రాలూ చదివేవాడు, కొండదేవతనీ పిలిచేవాడు. వాళ్ళు చేసే అగ్నిపూజ పేరు గోమా. మన హోమమే, పేరు కూడా సరిగ్గా మారలేదు. యుదోనో వైపు గుళ్ళు షింగాన్ శాఖవి. ఆ శాఖ నమ్మకం ప్రకారం వాళ్ళ రహస్య విద్య నాగార్జునుడికి దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపంలో దొరికింది. అది మన కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపమేనని వాదించిన పండితులూ ఉన్నారు. పురాణమే అనుకోండి, అయినా అంత దూరంలో మన ఊరిపేరు వింటే చెవులు నిక్కబొడుచుకున్నాయని ఒప్పుకోవాలి.

1868లో మెయిజీ ప్రభుత్వం బుద్ధుడినీ షింటో దేవతలనీ విడదీయమని ఉత్తర్వు వేసింది. 1872లో షుగెన్‌దోని ఏకంగా రద్దు చేసింది. 1873లో హగురోకి ప్రభుత్వం తరఫున కొత్త ప్రధానార్చకుడొచ్చాడు. విగ్రహాలు పోయాయి, మందిరాలు కూల్చారు, అమితాభుడి స్థానంలో చంద్రదేవుడు త్సుకుయోమిని కూర్చోబెట్టారు. ఐదంతస్తుల గోపురం మిగిలింది, లోపలి బుద్ధుడు మిగల్లేదు. కొండమీద పెద్ద గుడి 1818లో బౌద్ధ మందిరంగా కట్టిందే. రెండుమీటర్ల మందం గడ్డికప్పు, చూస్తే గుండె ఆగుతుంది. ఇప్పుడది మూడు కొండల షింటో దేవతలకీ ఉమ్మడి గుడి. "ప్రాచీన షింటో పర్వతం" అని మనకిచ్చే కరపత్రాల్లో ప్రాచీనమైంది కొండా, చెట్లూ. షింటో భాగం చాలావరకు మా ముత్తాత పుట్టిన కాలం నాటిది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఈ మెయిజీ వాళ్ళని నేను మీటింగుల్లో ఎన్నిసార్లు పొగిడానో లెక్కలేదు. 1872 చూడండి: దేశమంతటికీ బడుల చట్టం ఆ ఏడే. పవిత్రస్థలాల్లో ఆడవాళ్ళ ప్రవేశ నిషేధం ఎత్తేసింది ఆ ఏడే. కొండల్లో మంత్రాలు వేసే సాధువులని రద్దు చేసిందీ ఆ ఏడే. 1873 జనవరి 1 నుంచి కొత్త క్యాలెండరు. "మన ప్రభుత్వాలకి అంత దమ్ముందా?" అని బల్లగుద్ది అడిగేవాణ్ణి. చప్పట్లు పడేవి.

ఆ చప్పట్లలో నేను చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. యమబుషి తాయెత్తు మూఢనమ్మకమన్న ఆ ప్రభుత్వమే, చక్రవర్తి సూర్యదేవత వంశం వాడని చిన్నపిల్లల చేత వల్లెవేయించింది. 1889 రాజ్యాంగంలో చక్రవర్తిని పవిత్రుడని రాసుకుంది. గుళ్ళు రాజ్యం చేతిలోకి వెళ్ళాయి. ఆ వంశం పేరు చెప్పి 1945 దాకా ఎందరిని చంపారో, ఎందరిని చావుకి పంపారో మీకు తెలుసు. ఊళ్ళో జ్వరానికి మంత్రం వేసే సాధువు చేయగలిగిన నష్టమెంత, ఇది చేసిన నష్టమెంత? ప్రభుత్వం కొండమీద దేవుణ్ణి మార్చింది హేతువు కోసం కాదు, తనకి పనికొచ్చే దేవుడు కావలసివచ్చి. నేను దాన్ని చూసి మన జట్టే గెలిచిందనుకున్నాను.

అయితే ఆడవాళ్ళ సంగతి వేరు, అక్కడ నేను వెనక్కి తగ్గను. మధ్యాహ్నం యుదోనో దారిలో దైనిచిబో అనే గుడి దగ్గర ఆగాం. యుదోనోకి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు కాబట్టి వాళ్ళు దూరంనుంచి మొక్కుకోడానికి ఈ గుడి పెట్టారని చెప్తారు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఫోన్ చూస్తోంది. ఆ వారమే శబరిమల తలుపులు తెరిచారు, సెప్టెంబరు 28 తీర్పు చేతిలో పట్టుకుని వెళ్ళిన ఆడవాళ్ళని దారిలోనే ఆపేస్తున్నారు. (2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నల్ని ఇంకా పెద్ద ధర్మాసనానికి అప్పగించింది.) "ఇక్కడ 1872లోనే తేలిపోయిందిగా" అన్నాను గైడుతో. ఆయన తలూపి, "నారా వైపు ఓమినే కొండ ఉంది, అక్కడ ఇప్పటికీ రానివ్వరు" అన్నాడు. నిజమే. ఆ కొండ 2004లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది, దారిలో ఆడవాళ్ళకి ప్రవేశం లేదన్న బోర్డుతో సహా.

దైనిచిబోలో గాజుపెట్టెలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. షిన్న్యొకాయి అనే సాధువు, 1783లో 96వ ఏట పోయాడంటారు. ఏళ్ళ తరబడి ధాన్యం మానేసి, గింజలూ బెరడూ తిని ఒళ్ళు ఎండబెట్టుకుని, భూమిలో కూర్చుని "బతికుండగానే బుద్ధుడైన"వాడు. తేనెరంగు చర్మం, పట్టుబట్టలు. ఆరేళ్ళకోసారి బట్టలు మార్చి, పాతవి ముక్కలు చేసి తాయెత్తుల్లో పెట్టి అమ్ముతారు. 1960 నుంచి పరిశోధకులు ఈ ప్రాంతపు దేహాలని పరీక్షించారు. సత్రాలకి దగ్గరలోని త్సురుఒకా ఊళ్ళో ఉన్న తెత్సుర్యుకాయి దేహంలో, పొట్ట కోసి సున్నం నింపిన ఆనవాళ్ళు దొరికాయి. అంటే మహిమ పూర్తికాకపోతే శిష్యులు పూర్తిచేశారు. ఇంతవరకూ మనకి అలవాటైన కథే, నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రానిది 1783 అనే అంకె చూసి. అది తెన్‌మెయి కరువు ఏడు. ఉత్తర జపాన్‌లో జనం ఆకులూ బెరడూ తిని చచ్చిపోతున్న కాలం. ఊరంతా తిండిలేక పడి ఉంటే ఈయన అదే బెరడు వ్రతంగా తిన్నాడు. జనం ఆయనలో ఏం చూసుకున్నారో అర్థంకాని విషయమేమీ కాదు.

యుదోనోలో గుడి కట్టడం లేదు. చూసింది బయట చెప్పకూడదు, అడగకూడదు అని పాత కట్టుబాటు. 1689లో వచ్చిన కవి బషో కూడా దాన్ని పాటించి రాయకుండా ఆగాడు. ఫోటోలు తీయనివ్వరు, నేనూ తీయలేదు. కానీ ఎన్నో పుస్తకాల్లో ఉన్నదాన్ని దాచి ప్రయోజనం లేదు: అదొక పెద్ద ఎర్రటి బండ, పైనుంచి వేడినీరు కారుతూ ఉంటుంది. దేవుడంటే అదే. చెప్పులు విప్పి దానిమీదనుంచే ఎక్కాలి. అక్టోబరు చలిలో ఆ వేడి అరికాళ్ళకి తగిలితే, ఎప్పుడో ఒక వేటగాడు ఇక్కడ ఎందుకు సాగిలపడ్డాడో చెప్పడానికి పండితుడక్కర్లేదు.

లోపలికెళ్ళే ముందు పూజారి మనిషి ఆకారంలో కత్తిరించిన కాగితం ఇస్తాడు. దాంతో ఒళ్ళు తుడుచుకుని, ఊది, నీళ్ళలో వదలాలి, పాపాలు పోతాయి. అది చేయకపోతే ప్రవేశం లేదు. చేశాను. టిక్కెట్టు లాంటిదేలే అనుకున్నాను. నా వెనకే నిలబడ్డ మా అమ్మాయి తెలుగులో మెల్లగా, "ఇంట్లో అమ్మ హారతి పళ్ళెం తెస్తే మాత్రం లేచి వెళ్ళిపోతావు కదా నాన్నా" అంది. బండ దిగి కాళ్ళు తుడుచుకునేదాకా జవాబు తట్టలేదు. తట్టిన జవాబులు కూడా దానికి చెప్పేటంత బాగా లేవు.

సాయంత్రం సత్రానికి తిరిగొచ్చాక భోజనాల దగ్గర గైడుని అడిగాను, 1873లో మీ ఇంట్లోవాళ్ళు ఏం చేశారని. వాళ్ళ ముత్తాత యమబుషి అట. బతకాలంటే షింటో అర్చకుడిగా మారాలన్నారు, మారాడు. ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళి, గుడ్డలో చుట్టిన కొయ్యబొమ్మ పట్టుకొచ్చాడు. ఫుదో, మన సంస్కృతంలో అచలుడు. కత్తి సగం విరిగిపోయి, మొహమంతా హోమం పొగకి నల్లబడి ఉంది. పరుపులు పెట్టే అల్మారాలో నాలుగుతరాలుగా అక్కడే ఉంటోందట.

"ఇప్పుడు ఏ ప్రభుత్వమూ వద్దనదు కదా, బయట పెట్టుకోవచ్చుగా" అన్నాను.

అమ్మాయి తర్జుమా చేసింది. ఆయన బొమ్మని మళ్ళీ గుడ్డలో చుడుతూ, అది అల్మారాలో ఉండటమే మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది అన్నాడు.