జనరల్ కె.వి. కృష్ణారావు: సైన్యంలో నాలుగు దశాబ్దాలు, ఆ తర్వాత కశ్మీర్

1971 యుద్ధం అనగానే మన పిల్లలకు గుర్తొచ్చే పేరు శామ్ మానెక్‌షా. 2023లో వచ్చిన సినిమా పుణ్యమా అని ఇక్కడ పుట్టినవాళ్లకూ ఆయన తెలుసు. అదే యుద్ధంలో ఒక డివిజన్‌ను నడిపి, పదేళ్ల తర్వాత భారత సైన్యాధిపతి అయిన తెలుగువారు జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావు గారి పేరు మాత్రం మన ఇళ్లలో అంతగా వినపడదు.

1923 జూలై 16న పుట్టిన ఆయన, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942 ఆగస్టులో మహర్ రెజిమెంట్‌లో ఆఫీసరుగా చేరారు. బర్మాలో పనిచేశారు. 1947-48 కశ్మీర్ యుద్ధంలో పాల్గొన్నారు. 1971లో ఆయన చేతికింద ఉన్నది 8వ మౌంటెన్ డివిజన్. డిసెంబర్ 7న గోర్ఖా సైనికులను హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దింపారు. భారత సైన్యం హెలికాప్టర్లతో చేసిన మొదటి దాడి అదే. సిల్హెట్ ప్రాంతం విముక్తమైంది. ఆయనకు పరమ విశిష్ట సేవా పతకం లభించింది.

యుద్ధాల కన్నా ఎక్కువ కాలం నిలిచిన పని మరొకటి ఉంది. 1975-76లో సైన్యాన్ని ఆధునికీకరించడానికి వేసిన నిపుణుల కమిటీకి ఆయనే అధ్యక్షులు. తర్వాత సైన్యాధిపతి అయిన సుందర్‌జీ అందులో సభ్యులు. కాలినడకన కదిలే పదాతి దళాన్ని కవచ వాహనాల్లో ట్యాంకులతో సమానంగా నడిపించాలన్న ఆలోచన ఆ కాలంలోనే బలపడింది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఏర్పడింది. కృష్ణారావు గారు 1981 జూన్ నుంచి 1983 జూలై వరకు సైన్యాధిపతిగా ఉన్నారు.

రిటైరయ్యాక విశ్రాంతి దొరకలేదు. 1984 నుంచి నాగాలాండ్, మణిపూర్, త్రిపుర గవర్నరు. 1989లో జమ్ము కశ్మీర్‌కు వెళ్లి, 1990 జనవరిలో తప్పుకున్నారు. మళ్లీ 1993 నుంచి 1998 వరకు అక్కడే. 1995 జనవరి 26న జమ్ములో గణతంత్ర వేడుకలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలాయి. ఆయన బతికారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది మేలో చరారే షరీఫ్ దర్గా కాలిపోయినప్పుడు ప్రభుత్వంపై తీవ్ర విమర్శలొచ్చాయి.

ఎన్నికైన ప్రభుత్వం లేక ఆరేళ్లు దాటిన ఆ రాష్ట్రంలో 1996లో అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. ఓటర్లను బలవంతంగా తెచ్చారన్న ఆరోపణలూ ఉన్నాయి. అయినా అక్టోబరులో ఫరూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రపతి పాలనలో అధికారమంతా తన చేతిలో ఉన్న ఒక మాజీ సేనాని దాన్ని తిరిగి ఎన్నికైనవారికి అప్పగించారు. ఆయన గురించి ఏ అంచనా వేసినా ఈ రెండు వైపులూ చూడాలి.

‘ప్రిపేర్ ఆర్ పెరిష్’ (1991), ‘ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్’ (2001) ఆయన రాసిన పుస్తకాలు. 2016 జనవరి 30న ఢిల్లీలో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆష్‌బర్న్ నుంచి ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం ఎంతో దూరం లేదు. మెమోరియల్ డేకి పిల్లలను అక్కడికి తీసుకెళ్లే తల్లిదండ్రులు దారిలో ఈ కథ కూడా చెప్పొచ్చు.