కల్లు మండువ

తాటి, ఈత వనాల్లో గీత కార్మికుడు చెట్టు దిగగానే కల్లు పోసే చోటును ఉత్తర తెలంగాణలో మండువ అంటారు. పెద్దపల్లి జిల్లా రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో ఈ పేరు నేటికీ వాడుకలో ఉంది. పట్టణంలో దీన్నే దుకాణమనీ కంపౌండనీ పిలుస్తారు. ద్రాక్షసారాను నేలమాళిగల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచి, చూడవచ్చినవారికి రుచి చూపడం ఫ్రాన్సులో బోర్దో వంటి ప్రాంతాల ఆచారం. కల్లుకు మాత్రం నిలవ పనికిరాదు. దింపిన కొన్ని గంటల్లోనే పులుపెక్కుతుంది, మర్నాటికి తాగే తీరు ఉండదు. అందుకే రుచి తెలిసినవారు పొద్దున్నే చెట్టు కిందికే వెళతారు.

కల్లుకుండ అయిన లొట్టిలోంచి వంచిన కల్లును తాటాకు రేకలో పట్టుకుని తాగడం పాత పద్ధతి. నంజుకోవడానికి గుడాలో, బోటి కూరో ఉంటుంది. ఈతకల్లు చలికాలపుది. తాటిలో మగచెట్టు పోతుతాడు, ఆడచెట్టు పండుతాడు. వీటి కల్లు ఎండాకాలంలో దొరుకుతుంది. ఏ చెట్టు కల్లు తీపో, ఏది వగరో ఊళ్లో పెద్దలు చెట్టును చూపించి చెప్పగలరు. కొన్ని ఊళ్లలో వంతుల కల్లు పద్ధతి ఉంది. ఇళ్లవాళ్లు గీత కార్మికుడితో మాట్లాడుకుని, తమ వంతు వచ్చిన రోజున చెట్టు కల్లు తీసుకుంటారు.

చరిత్ర

కాకతీయుల కాలానికి ముందునుంచీ దక్కనులో కల్లు ఉంది. గ్రామదేవతలకు సాక పోయడానికి నేటికీ కల్లే వాడతారు. కల్లుగీసే గౌడుల కులదైవం కాటమయ్య. చేర్యాల నకాషీ పటాల మీద బొమ్మలు చూపుతూ గౌడ పురాణం చెప్పే సంప్రదాయమూ ఉంది.

గీతవృత్తి నుంచి వచ్చినవారిలో చరిత్రకెక్కిన మహా సాహసి సర్వాయి పాపన్న. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతని గురించి శత్రువు కంటితోనే అయినా విపులంగా రాశాడు. ఔరంగజేబు మరణం తర్వాతి అల్లకల్లోలంలో పాపన్న బలం పెంచుకుని 1708లో ఓరుగల్లును కొల్లగొట్టాడు. 1709లో బహదూర్‌షా హైదరాబాదులో కొలువుదీరినప్పుడు కప్పం సమర్పించి ఖిల్లతు (గౌరవ వస్త్రం) అందుకున్నాడు. కల్లుగీసే కులంవాడికి పాదుషా కొలువులో మర్యాదా అని పెద్ద కుటుంబాలవారు ఫిర్యాదు చేయడంతో ఆ గౌరవం నిలవలేదు. 1710లో అతన్ని చంపించారు. తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు ఏటా ఆగస్టు 18న పాపన్న జయంతిని అధికారికంగా జరుపుతోంది.

ఆసఫ్‌జాహీ పాలనలో భూమిశిస్తుతో పాటు ఖజానాను నింపిన పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ (మద్యం మీది పన్ను) ఒకటి. 1316 ఫసలీ (1906–07) నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం అనే ఏర్పాటును స్థిరపరిచింది. గుత్తేదారు పాడుకునేవాడు, చెట్టెక్కేవాడికి మిగిలేది కూలి. ఈ ఆదాయాన్ని దెబ్బతీయడానికి 1947లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు కార్యకర్తలు చెట్లు నరికారు. గీతగాళ్ల బతుకుతెరువే అందులో తెగిపడింది. కోస్తాలో ఇంకో కథ నడిచింది. మద్యనిషేధం వల్ల ఉపాధి పోయిన గీత కార్మికుల ప్రశ్న శాసనసభదాకా వచ్చి, 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గీత కార్మికుల పక్షాన నిలబడినవారిలో గౌతు లచ్చన్న ముఖ్యుడు. తెలంగాణలో ఆ పని చేసిన బొమ్మగాని ధర్మభిక్షం (1922–2011) గీత కార్మికులను సంఘంగా కూడగట్టాడు, ఆ తర్వాత నల్లగొండ నుంచి లోక్‌సభకూ ఎన్నికయ్యాడు. గుత్తేదార్ల స్థానంలో సహకార సంఘాలు రావడం ఈ పోరాటాల విలువైన ఫలితం.

బొగ్గుగనుల ప్రాంతంలో

సింగరేణి గనులు తెరుచుకున్నాక పల్లెలనుంచి వచ్చిన కార్మికులు షిఫ్టు దిగి ఒంటినొప్పులు మరిచిపోవడానికి కల్లు, సారా దుకాణాలకు చేరేవారు. సారా వల్ల గుల్లయిన కుటుంబాలు లెక్కలేనన్ని. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల పోరాటం తర్వాత 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. 1995 నుంచి 1997 వరకు మద్యనిషేధం సాగింది.

పట్టణ కల్లుకు మచ్చ తెచ్చింది మందుల కల్తీ. గిరాకీకి సరిపడా చెట్లు లేనిచోట క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం కలపడం మొదలైంది. దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్లు వచ్చే ప్రమాదం ఉంది. హైదరాబాదులో 2004లో మూసివేసిన కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. వనంలో చెట్టు కింద తాగే కల్లుకూ కంపౌండులో పోసే కల్లుకూ తేడా ఇక్కడే ఉంది.

2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా (పులియని తాజా కల్లు) అమ్మే నీరా కేఫ్ తెరిచారు. మోకు, ముస్తాదు వంటి సాధనాల మీద మాత్రమే ఆధారపడి చెట్టెక్కేవారు పడి చనిపోవడం, నడుము విరిగి మంచాన పడటం ఈ వృత్తిలో తరచూ జరిగేవే. వారికోసం 2024 జులైలో కాటమయ్య రక్షణ కిట్ల పంపిణీ ప్రారంభమైంది. గనుల విస్తరణలో పొలాలతోపాటు తాటిచెట్లు కూడా పోయిన ఊళ్లు రామగుండం ప్రాంతంలో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ మొక్కల పెంపకం కార్యక్రమమైన హరితహారం కింద చెరువుకట్టల వెంట తాటి, ఈత మొక్కలు నాటించారు. తాటి గీతకు రావడానికి 12 ఏళ్లకు పైగా పడుతుంది.