ఏప్రిల్ 24: ఒక తేదీ, పెక్కు సంగతులు



మన పూర్వులు దినమును తిథితో జ్ఞాపకముంచుకొనిరి. శ్రీరామనవమి యైనను, తండ్రి ఆబ్దికమైనను చంద్రుని గతియే ప్రమాణము. నిజాము ప్రభుత్వపు కాగితములలో ఫసలీ లెక్క యుండెడిది. ఇంగ్లీషు తేదీ బడులతోను, కచేరీలతోను మన యూళ్లలో స్థిరపడినది. అట్టి తేదీలలో ఒక్కటియగు ఏప్రిల్ 24ను గూర్చి నేడు మనవి చేయదలచితిని. సిద్దిపేట సీమలోని చంద్లాపూరునకు ఈ దినముతో ప్రత్యేక సంబంధము కలదు.

మొదట దూరదేశపు ముచ్చట. 1916 ఏప్రిల్ 24న ఐర్లండు రాజధానియగు డబ్లిను నగరములో దేశభక్తులు ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగబడి, తమ దేశము స్వతంత్రమని చాటిరి. ఆ కాలమున అచ్చట న్యాయశాస్త్రము చదువుచుండిన తెలుగు యువకుడొకడు ఆ సంవత్సరమే దేశము విడిచి రావలసివచ్చెను. ఆయనయే వరాహగిరి వేంకటగిరి. తరువాత భారత రాష్ట్రపతి యయ్యెను.

ఈ దినమున జన్మించినవారిలో ఇద్దరిని చెప్పెదను. కన్నడ నటుడు రాజకుమార్ 1929లో పుట్టెను. శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము చిత్రములో ఆయన కన్నప్పగా తెలుగువారికి కనిపించెను. క్రికెట్టు ఆటలో లోకప్రసిద్ధుడైన సచిన్ తెండూల్కర్ 1973లో బొంబాయిలో జన్మించెను. ఆయన రాజ్యసభ సభ్యుడుగా నుండి 2014లో నెల్లూరు జిల్లాలోని పుట్టంరాజు కండ్రిగను దత్తత గ్రామముగా స్వీకరించెను.

2011లో ఇదే దినమున పుట్టపర్తిలో సత్యసాయిబాబా నిర్యాణము చెందిరి. వారి భక్తులు గాని వారు సైతము ఒక పనిని మరువరు. అనంతపురము జిల్లాలోను, తరువాత మెదక్, మహబూబ్‌నగరు జిల్లాలలోను పల్లెలకు త్రాగునీరు తెచ్చిన పథకములే ఆ పని. సిద్దిపేట నాడు మెదక్ జిల్లాలోనిదే.

ఇక రెండు సంగతులు మన గడపలోనివి. వంగర గ్రామవాసియగు పాములపర్తి వేంకట నరసింహారావు ప్రధానమంత్రిగా నుండగా, 1993 ఏప్రిల్ 24న రాజ్యాంగపు 73వ సవరణ అమలులోనికి వచ్చెను. గ్రామసభకు రాజ్యాంగములో చోటు దొరకెను. అయిదేండ్ల కొకమారు ఎన్నికలు, స్థానములలో మూడవవంతునకు తక్కువ గాకుండ స్త్రీలకు ప్రత్యేకించుట నియమములయ్యెను. పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములు పదునొకండవ షెడ్యూలులో చేర్చబడెను. వానిలో మూడవది చిన్న నీటిపారుదల, నీటి నిర్వహణము. అయితే ఎంత అధికార మప్పగింపవలెనో నిర్ణయించుట రాష్ట్ర శాసనసభలకే విడువబడెను. చట్టము తలుపు తెరచినది. లోనికి నడచుట గ్రామస్థుల వంతు.

సరిగా ఇరువదియేడేండ్లకు, శార్వరి నామ సంవత్సర వైశాఖ శుద్ధ పాడ్యమి నాడు, 2020 ఏప్రిల్ 24న, చంద్లాపూరు చెంత రంగనాయకసాగరము ప్రారంభమయ్యెను. కరోనా వ్యాధి కారణముగా దేశమంతయు ఇండ్లలో నిలిచిన కాలమది. నాటి మంత్రులు తారకరామారావు, హరీశ్‌రావు గార్లు అనంతగిరి జలాశయమునుండి ఎత్తిన గోదావరి జలమును ఇందులోనికి విడిచిరి. దీని పట్టు మూడు టీఎంసీలు. వానదేవుని మొగము చూచి బ్రతికిన సీమకు గోదావరి మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చినది.

ఈ యానందములో రెండు మాటలు మరువరాదు. జలాశయమునకై తాతలనాటి పొలములు విడిచినవారు కలరు. నిండిన నీటిలో వారి త్యాగముకూడ కలదు. మరియు యంత్రములు ఎత్తిన నీరు నిత్యమని నమ్మియుండుట తగదు. ఈ ఎత్తిపోతల వరుసలో మొదటి మెట్టైన మేడిగడ్డ ఆనకట్టలో 2023 అక్టోబరులో స్తంభములు కుంగినవి. కావున ఊరి చెరువును, తూమును, పంట కాలువను కాపాడుకొనుట నేడును అవసరమే.

తేదీలు కలియుట యాదృచ్ఛికము. అందులో గ్రహబలమేమియు లేదు. కాని నీరు వచ్చిన దినము, ఊరికి తన మాట తాను చెప్పుకొను హక్కు వచ్చిన దినము ఒక్కటియే యగుట మనకు పనికివచ్చు గుర్తు. ఏటేట ఆ దినమున గ్రామసభ కూడినప్పుడు పెద్దలు లేచి మూడు ప్రశ్న లడుగవలెను: కాలువ చివరి మడికి నీరు చేరినదా? చెరువు పూడిక తీసినారా? భూమి విడిచిన కుటుంబములు ఎట్లున్నవి? ఈ ప్రశ్నలకు జవాబులు ఊరి పుస్తకములో వ్రాయించినయెడల, ఏప్రిల్ 24 పండుగ దినమే గాక లెక్క చూచుకొను దినముగా కూడ నిలుచును.