అఠారా కచేరీ - కన్నంబాడి ఆనకట్ట: ఒక కట్టడ వివాద చరిత్ర

బెంగుళూరు కబ్బన్ పార్కు అంచున ఎర్రని రంగులో నిలిచి ఉన్న అఠారా కచేరీని మన పాఠశాల విద్యార్థులలో చూడనివారు ఉండరు. 1868లో పూర్తయిన ఈ భవనంలో పద్దెనిమిది ప్రభుత్వ శాఖలు కొలువుదీరినందున దానికి ఆ పేరు వచ్చింది. 1956 వరకు మైసూరు సచివాలయం ఇక్కడే ఉండేది. నేడు ఇది కర్ణాటక ఉన్నత న్యాయస్థానం. ఇక్కడికి వచ్చే వ్యాజ్యాలలో వంతెనలు, రహదారులు, ఆనకట్టల నిర్మాణంలో తలెత్తిన తగాదాలు కూడా ఉన్నాయి. ఆ తగాదాలనే వృత్తిగా చేపట్టిన న్యాయవాదులు ఒక ప్రత్యేక శాఖగా ఎదిగారు.

ఈ వృత్తి తక్కిన న్యాయవాద వృత్తికి కొంత భిన్నమైనది. ఇందులో ఒప్పంద పత్రంతో పాటు నక్షాను, కొలతల పుస్తకాన్ని, పని జరిగిన తేదీలను కూడా చదవగలగాలి. పునాది పూడ్చిన తరువాత సాక్ష్యం భూగర్భంలో కలిసిపోతుంది. పైగా తీర్పు వచ్చేవరకు వాన ఆగదు, కూలీల బత్తెం ఆగదు. ఈ చిక్కులన్నీ ఒక్కచోట కనిపించే ఉదంతం మైసూరు రాజ్య చరిత్రలోనే ఉంది. అది కన్నంబాడి ఆనకట్ట వివాదం. అది గుత్తేదారుకూ యజమానికీ మధ్య వచ్చినది కాదు, రెండు ప్రభుత్వాల నడుమ వచ్చినది. అయినా అందులోని పాఠం ఒక్కటే.

ఈ కథకు మూలం 1892 ఫిబ్రవరి 18 నాటి ఒడంబడిక. పదిహేను ప్రధాన నదుల మీద మద్రాసు ప్రభుత్వ సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు నిర్మించరాదని అందులో నియమం చేశారు. ఆ నదులలో కావేరి ఒక్కటే కాదు, మన రాయలసీమకు ప్రవహించే పెన్న, చిత్రావతి, పాపఘ్ని కూడా ఉన్నాయి. అయితే అప్పటికే సంక్రమించి అనుభవంలో ఉన్న హక్కును కాపాడుకొనుటకు తప్ప మద్రాసు సమ్మతిని నిరాకరించరాదు. అభిప్రాయభేదం వస్తే ఉభయులు నియమించిన మధ్యవర్తులు గాని, భారత ప్రభుత్వం గాని ఇచ్చేదే అంతిమ నిర్ణయం. ఈ 'అంతిమ' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవలెను.

1902లో శివసముద్రం జలవిద్యుత్కేంద్రం కోలారు బంగారు గనులకు విద్యుత్తు అందించసాగింది. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగాయి. కాని వేసవిలో కావేరి సన్నగిల్లితే యంత్రాలకు నీరు చాలదు. మండ్య ప్రాంతపు మెట్టభూములు తడికి ఎదురుచూస్తున్నాయి. ఈ రెండు అవసరాలు తీర్చుటకు జలాశయం కావలసి వచ్చింది. 1909లో చీఫ్ ఇంజనీరుగా చేరిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య కన్నంబాడి వద్ద ఆనకట్ట ప్రణాళికను సిద్ధం చేశారు. వారి ఇంటిపేరు తెలుగునాట గల మోక్షగుండం గ్రామం నుండి వచ్చినది కనుక తెలుగువారికి వారు మరింత ఆత్మీయులు.

మైసూరు కోరినది 41.5 టి.ఎం.సి.ల జలాశయం. మెట్టూరు వద్ద తనకూ ఆనకట్ట ఉద్దేశం ఉన్నందున మద్రాసు ఒప్పుకోలేదు. భారత ప్రభుత్వం 11 టి.ఎం.సి.లకు మాత్రమే అనుమతించింది. 1911లో పని మొదలయింది. కాని ముందుముందు ఎత్తు పెంచుటకు వీలుగా మైసూరు ఇంజనీర్లు పునాదిని పూర్తి ప్రణాళికకు సరిపడే వెడల్పున వేశారు. ఇంజనీరు దృష్టిలో అది దూరదృష్టి. ఇరుకు పునాది మీద తరువాత గోడ పెంచడం సాధ్యం కాదు. మద్రాసు దృష్టిలో అది అనుమతిని మించిన పని. శతాబ్దాలుగా కావేరి కాలువల మీద బ్రతికే తంజావూరు రైతు భయం కల్పితమైనది కాదు. పునాది వెడల్పే పైకి రాబోయే గోడకు సాక్ష్యమని మద్రాసు వాదించింది.

వివాదం ఒడంబడికలోని నాలుగవ నియమం ప్రకారం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి సర్ హెచ్.డి. గ్రిఫిన్ మధ్యవర్తిగా, భారతదేశ నీటిపారుదల ఇన్స్పెక్టర్ జనరల్ ఎం. నెదర్సోల్ సాంకేతిక అసెసరుగా నియమితులయ్యారు. చట్టం తెలిసిన వారి పక్కన నీటి లెక్క తెలిసినవారిని కూర్చుండబెట్టిన ఈ కూర్పు గమనించదగినది. కట్టడ వివాదాలలో ఇంజనీర్లను మధ్యవర్తులుగా ఎంచుకొనే నేటి ఆచారం వెనుక ఉన్నదీ ఈ యోచనే. 1913 జూలై 16న విచారణ ఆరంభమై 1914 మే 12న తీర్పు వెలువడింది. పది నెలలలోనే, మైసూరు ముందుకు సాగుటకు మార్గం లభించింది.

అయితే కథ అక్కడ ముగియలేదు. భారత ప్రభుత్వం తీర్పును ఆమోదించినా, మద్రాసు లండనులోని భారత వ్యవహారాల మంత్రికి అప్పీలు చేసింది. 1919లో ఆ ఆమోదం నిలువలేదు. ఒడంబడికలో 'అంతిమ' అని వ్రాసుకున్న నిర్ణయం ఐదేండ్లలో అంతిమం కాకుండా పోయింది. ఓడిన పక్షం మనసు ఒప్పనిది, పై అధికారి తలచుకుంటే కదిలించగలిగేది అయిన తీర్పు ఎంత సమగ్రమైనా నిలువదని ఈ ఘట్టం తెలుపుతున్నది.

దారి చూపినది చర్చలు. ఇరుపక్షాల చీఫ్ ఇంజనీర్లు కూర్చుని, ఏ మట్టంలో నీరున్నప్పుడు ఎంత విడువవలెనో నిర్ణయించే నియమావళిని 1921 జూలై 26న రూపొందించారు. సంఖ్యలు కుదిరిన తరువాత మాటలు కుదిరాయి. 1924 ఫిబ్రవరి 18న, అనగా మొదటి ఒడంబడిక జరిగి సరిగా ముప్పది రెండేండ్లకు, కొత్త ఒడంబడిక కుదిరింది. నదీగర్భం నుండి 124 అడుగుల ఎత్తున, 44.827 టి.ఎం.సి.ల కృష్ణరాజసాగరానికి మద్రాసు సమ్మతించింది. మెట్టూరులో 93.5 టి.ఎం.సి.ల జలాశయానికి మైసూరు సమ్మతించింది. వివాదానికి కారణమైన ఆ వెడల్పు పునాదే పూర్తి ఎత్తు ఆనకట్టను మోసింది.

ఆ ఒడంబడికలోని కొన్ని అంశాల పునఃపరిశీలనకు ఏబది ఏండ్ల గడువు 1974లో ముగిసింది. కావేరి నీరు బెంగుళూరు కుళాయిలకు మొదట చేరినదీ ఆ ఏడే. తరువాత 1990లో ట్రిబ్యునల్ ఏర్పడింది. దాని తీర్పు 2007లో వచ్చింది. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తుది తీర్పు ఇస్తూ, 1892, 1924 ఒడంబడికలు చెల్లుబాటు అయినవేననీ, అయితే 1974తో వాటి కాలం తీరిందనీ చెప్పింది. బెంగుళూరు అవసరాలకు 4.75 టి.ఎం.సి.లు కేటాయించింది. మనం త్రాగే గ్లాసెడు నీటి వెనుక ఇంతటి వాదప్రతివాదాలు ఉన్నాయి.

తీర్పుకు అంతిమత్వం కల్పించుటకు మన చట్టాలు కూడా చాలాకాలం శ్రమించాయి. 1940 నాటి మధ్యవర్తిత్వ చట్టం క్రింద తీర్పులపై ఆక్షేపణలు కోర్టులలో ఏండ్లతరబడి నడిచేవి. 1996 చట్టం కోర్టుల జోక్యానికి హద్దులు గీసింది. 2015 సవరణ తీర్పుకు గడువు పెట్టింది. 2007 నుండి బెంగుళూరు మధ్యస్థత కేంద్రంలో ఉభయులనూ కూర్చుండబెట్టి రాజీ కుదిర్చే ప్రయత్నమూ సాగుతున్నది. కన్నంబాడిలో తీర్పు చేయలేని పనిని చర్చ చేసినదని తెలిసినవారికి ఈ మార్గం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మన విద్యార్థులలో కొందరు ఇంజనీర్లు కాగలరు, కొందరు న్యాయవాదులు కాగలరు. ఇంజనీరైనవారు సంతకం చేసే ముందు ఒప్పందాన్ని చదవాలి. న్యాయవాది అయినవారు వాదించే ముందు కట్టడం వద్దకు వెళ్లి చూడాలి. గోడ ఎంత ఎత్తు లేస్తుందో పునాది నాడే ఉభయులూ నిష్కపటంగా చెప్పుకున్నచోట సగం వివాదం పుట్టకముందే తీరిపోతుంది.